పట్టుపురుగు రోగం, పత్తి మందు, రొయ్య

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చరిత్ర అంటే సగం రోగాల చరిత్రే. 1994 చివర తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 2009లో వనామీకి అనుమతి వచ్చి గుంటలు మళ్లీ నిండాయి. దాదాపు అదే సమయంలో చైనాలో కొత్త జబ్బు బయటపడింది. సీడ్ వేసిన నెలలోపే రొయ్యలు తేలిపోయేవి. రైతుల నోట దాని పేరు ఈఎంఎస్. 2013లో అరిజోనాలో డొనాల్డ్ లైట్నర్ బృందం కారణం పట్టుకుంది: విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా.

నన్ను ఆపింది దాని విషం పేరు. ‘పిర్’. ఇందులో ‘పి’ ఫోటోరాబ్డస్ అనే బ్యాక్టీరియాది, ‘ఐ’ ఇన్సెక్ట్‌ది. ఉప్పునీటి రొయ్యను చంపే విషానికి పురుగు పేరెందుకు?

దీనికి 1901 నాటి జపాన్‌కి వెళ్లాలి. పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే ఇషివాటా షిగెటానె అందుకు కారణమైన బ్యాక్టీరియాను వేరుచేశాడు. 1911లో జర్మనీలో ఎర్నెస్ట్ బెర్లినర్‌కి అదే పిండిపురుగులో దొరికింది. తురింగియా ప్రాంతం పేరుమీద బాసిల్లస్ తురింజియెన్సిస్ అయింది. మనకు తెలిసిన బీటీ ఇదే. పట్టు రైతుకి రోగం, పత్తి రైతుకి మందు! సైన్సులో ‘క్రిమిసంహారం’ అన్న మాట ఎప్పుడూ మన జేబు వైపు నుంచే పలుకుతుందని నాకనిపిస్తుంది.

ఈ విషం పనితీరు తాళంచెవి లాంటిది. గొంగళిపురుగు పేగులోని క్షారంలో విషపు స్ఫటికం కరుగుతుంది, అక్కడి ఎంజైములు దాన్ని చెక్కుతాయి. అప్పుడది పేగు కణాల మీది క్యాధెరిన్, అమినోపెప్టిడేజ్ లాంటి గ్రాహకాలకు అతుక్కుని రంధ్రం చేస్తుంది. కణం ఉబ్బి పగులుతుంది. మన కడుపులో ఆ క్షారమూ లేదు, ఆ తాళమూ లేదు. అయితే తాళం మారగలదు. 2002లో దేశంలోకి బీటీ పత్తి వచ్చింది. 2010కల్లా గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకుంది. మన దేశపు పురుగుల్లో క్యాధెరిన్ జన్యువే చెదిరిపోయిందని తర్వాత తేలింది.

ఇక రొయ్య. పురుగులూ రొయ్యలూ కీళ్లకాళ్ల బంధువులే. 2015లో పిర్ విషం ఆకారం చూస్తే బీటీ విషాన్ని పోలివుంది. వనామీలోనూ అమినోపెప్టిడేజే దానికి తలుపు తీస్తోందని పరిశోధనలున్నాయి. అలాగని బీటీ పత్తికీ రొయ్యల చావుకీ ముడిపెట్టకూడదు. రెండు వేర్వేరు బ్యాక్టీరియాల చేతుల్లో ఒకే పోలిక ఆయుధాలు, అంతే.

ఆక్వా ల్యాబుల్లో ప్లేటు మీద పచ్చ కాలనీలు లెక్కపెట్టి భయపడుతుంటారు. విబ్రియో లేని సముద్రం లేదు. పిర్ జన్యువులుండేది ఒక ప్లాస్మిడ్ మీద. అది లేని విబ్రియో ఈ జబ్బు తేలేదు. ఉన్నదీ లేనిదీ ప్లేటు మీద ఒకే పచ్చ. తేడా చెప్పేది పీసీఆర్ పరీక్షే, అదీ సీడ్ గుంటలో పడకముందు చేయించాలి.