కొండ గాలి

బేగంపేట నుంచి అనంతగిరికి కారులో రెండు గంటలు, మధ్యలో టిఫిన్‌కి ఆగకపోతే. పొద్దున బయల్దేరితే కొండెక్కి, చూసి, చీకటి పడేలోపు ఇంటికొచ్చేయొచ్చు. ఎత్తు విషయానికొస్తే అదేం మహా పర్వతం కాదు. కానీ చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల కింద నుంచి వెళ్ళి, వికారాబాద్ దాటి, అడవిలో మలుపులు తిరుగుతుంటే అద్దాలు దించాలనిపిస్తుంది. పోయిన నెల నాన్నని తీసుకెళ్ళాను. ఇన్నేళ్ళూ హైదరాబాద్‌లోనే ఉన్న మనిషి, అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. ఎందుకు వెళ్ళలేదో చివర్లో చెప్తాను. ముందు మేం బయల్దేరిన చోటు గురించి చెప్పాలి.

బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ ఒక దోమ కడుపు కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలకి తన రక్తం ఇచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఆయనకి ముట్టింది. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. రాస్ ఇక్కడ దోమలు కోస్తున్న రోజుల్లో హైదరాబాద్ ప్రధానమంత్రి పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా. వికారాబాద్‌కి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. అంటే మా ప్రయాణం రెండు చివర్లూ ఒకే కాలానికి ముడిపడి ఉన్నాయి.

రాస్‌కి ముందు జ్వరానికి కారణం గాలి. 'మలేరియా' అన్న ఇటాలియన్ మాటకి అర్థమే చెడ్డగాలి. మనవాళ్ళూ తక్కువేం కాదు: గాలి సోకిందంటాం, గాలి మార్పు కావాలంటాం. గాలి చెడ్డదైతే మందు కూడా గాలే కదా. అందుకే దొరలు ఎండాకాలం రాగానే కొండలెక్కారు. కడప కలెక్టర్ హార్స్‌లీ మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. మల్లమ్మ పేరు పోయి హార్స్‌లీ హిల్స్ మిగిలింది.

ఇది ఉత్త మూఢనమ్మకం అనడానికి లేదు. చల్లటి చోట దోమ లోపల పరాన్నజీవి ఎదగడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కాబట్టి బాగా ఎత్తైన చోట్ల జ్వరాలు నిజంగానే తక్కువ. లెక్క సరైనదే, కారణం తప్పు. నా ఉద్యోగంలో నాకు ఎక్కువ భయం ఇలాంటి బగ్‌లంటేనే. ఔట్‌పుట్ సరిగ్గా వస్తున్నంతకాలం లోపలి కోడ్ ఎవరూ తెరిచి చూడరు.

ఔట్‌పుట్ తప్పిన చోట్లూ మన దగ్గరే ఉన్నాయి. మన్యం కూడా కొండలే, చెట్లే, చల్లగాలే. అయినా అక్కడి జ్వరం పేరు చెబితే మైదానం వాళ్ళు వణికేవాళ్ళు. 1879లో రంప తిరుగుబాటు అణచడానికి వెళ్ళిన పటాలాలని జ్వరం పడుకోబెట్టింది. అంతెందుకు, రాస్‌కే 1897లో మలేరియా వచ్చింది. ఎక్కడో తెలుసా? దొరలు ఆరోగ్యం కోసం వెళ్ళే ఊటీ పక్కన, సిగూరు ఘాట్‌లో. అక్కణ్ణుంచి సికింద్రాబాద్ వచ్చాకే ఆయనకి అసలు సంగతి దొరికింది.

అలా బేగంపేటలో ఒక జబ్బు గాలి నుంచి విడిపోయింది. ఇంకో జబ్బు మాత్రం గాలినే పట్టుకుని ఉండిపోయింది. అది క్షయ. దానికి మందు లేని రోజుల్లో శుభ్రమైన గాలి, పాలు, గుడ్లు, కదలకుండా పడుకోవడం, ఇవే వైద్యం. అందుకే శానిటోరియంలు ఊళ్ళకి దూరంగా వెలిశాయి. 1912లో మిషనరీల చొరవతో మొదలైన మదనపల్లె ఆరోగ్యవరం అలాంటిదే. నిజాం కాలంలో అనంతగిరి మీద వెలిసిన క్షయ ఆసుపత్రీ అలాంటిదే.

1962లో మా తాతయ్య పది నెలలు ఆ కొండ మీద ఉన్నారు. నాన్నకి అప్పుడు ఐదేళ్ళు. ఊళ్ళో అందరికీ 'బదిలీ మీద వెళ్ళారు' అని చెప్పారట. పిల్లల్ని ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. తిరిగొచ్చాక కూడా తాతయ్య గ్లాసు విడిగానే ఉండేది, పోయేదాకా. దీపం ఆరిపోతే అందరూ 'కొండెక్కింది' అంటారు కదా, మా నానమ్మ ఆ మాట వాడేది కాదు. 'శాంతించింది' అనేది. ఎందుకో నాకు ఈమధ్యే అర్థమైంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. 1956లో మద్రాసులో ఒక క్షయ పరిశోధన కేంద్రం మొదలైంది. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరిని ఇరుకిళ్ళలోనే ఉంచారు, మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే. తిండి, విశ్రాంతి, గాలి, అన్నీ ఇంట్లో ఉన్నవాళ్ళకే తక్కువ. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ళతో కలిసి బతికినందుకు ఇంట్లోవాళ్ళకి అదనపు ముప్పేమీ లేదని ఆ తర్వాతి పరిశీలనల్లో తేలింది. వైద్యం చేసింది మందు, గాలి కాదు. ప్రపంచంలో శానిటోరియంలు మూతపడటానికి ఆ మద్రాసు ఇరుకిళ్ళు కూడా ఒక కారణం.

1959 ముందు, 1962 తర్వాత. మధ్యలో మూడేళ్ళు.

ఆసుపత్రి తప్పు వెతకడం నా ఉద్దేశం కాదు. తాతయ్య అక్కణ్ణుంచి బతికొచ్చారు, ఇంకో ముప్పై ఏళ్ళు బతికారు. పరిశోధనాపత్రంలో అచ్చయిన మాట ఆసుపత్రికి చేరడానికి ఏళ్ళు పడుతుంది. మా ఇంటి వంటగదిలో గ్లాసుల దాకా రావడానికి ఇంకా ఎక్కువ పట్టింది. రాస్ దోమని చూపించి నూటపాతికేళ్ళు దాటినా, వానాకాలం జ్వరం రాగానే మా అపార్ట్‌మెంట్‌లో 'గాలి పడలేదు' అనేవాళ్ళు ఇంకా ఉన్నారు, కింద సెల్లార్‌లో నీళ్ళు నిలిచే ఉంటాయి.

పద్మనాభస్వామి గుడి దగ్గర కారాపి నాన్నకి మద్రాసు సంగతి చెప్పాను. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే, ఆ నీళ్ళ వైపు చూస్తూ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆయన ఇంట్లోనే ఉండొచ్చన్నమాట" అన్నారు.

"మందులు సరిగ్గా వేసుకుంటే, ఉండొచ్చు నాన్నా."

"మరి ఆ గ్లాసు?"

నేనేం చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో చేవెళ్ళ దగ్గర టీకి ఆగాం. నాన్న సగం తాగి, మిగతాది నా చేతికిచ్చారు.