రాజపక్షపు నవల, విప్లవపక్షపు పాఠకులు

1844వ సంవత్సరము డిసెంబరు మాసమున పారిసు నగరమందలి 'లా ప్రెస్' అను దినపత్రికలో ఒక నవల ధారావాహికముగా వెలువడ నారంభించెను. దాని పేరు 'లే పేయిజాన్'. తెలుగున 'కర్షకులు' అనవచ్చును. గ్రంథకర్త ఓనోరే ద బాల్జాక్. అప్పటికే ఆయన యూరపుఖండమున పేరుమోసిన నవలాకారుడు. అయినను ఈ నవల పత్రిక చందాదారులకు రుచింపలేదు. మొదటి భాగము ముగియగానే ప్రచురణ నిలిచిపోయెను. ఆ స్థలమును అలెగ్జాండర్ డ్యూమా నవల ఆక్రమించెను. బాల్జాక్ తన గ్రంథమును పూర్తిచేయకయే 1850లో పరమపదించెను. మిగిలిన వ్రాతప్రతిని ఆయన భార్య సవరించి కూర్చి 1855లో వెలువరించినది.

స్వకాలపు పాఠకులు విసుగుకొనిన ఈ నవలకు తరువాత మిక్కిలి శ్రద్ధగల పాఠకులు లభించిరి. విచిత్రమేమనగా, వారిలో ముఖ్యులు బాల్జాక్ రాజకీయమును అణువంతయు అంగీకరింపనివారు. ఆయన యే వ్యవస్థను నిలుపగోరెనో దానిని కూలద్రోయ దలచినవారు.

బాల్జాక్ 1799లో తూర్ పట్టణమున జన్మించెను. తండ్రి దక్షిణ ఫ్రాన్సులోని ఒక కర్షక కుటుంబమునుండి వచ్చినవాడు. ఇంటిపేరు మొదట 'బాల్సా'. పట్టణమున ఉద్యోగము సంపాదించి పేరు మార్చుకొనినవాడు తండ్రి. పేరునకు ముందు కులీనతను సూచించు 'ద' అను శబ్దమును తగిలించుకొనినవాడు కుమారుడు. కర్షకుని మనుమడే కర్షకులను నిందించుచు నవల వ్రాసెనన్నమాట! 1830 జూలై విప్లవములో బూర్బన్ వంశీయుడగు పదవ చార్లెస్ సింహాసనమును కోల్పోయెను. లూయీ ఫిలిప్ రాజయ్యెను. బ్యాంకర్లకును వర్తకులకును మంచిరోజులు వచ్చెను. లోకమెల్ల గెలిచినవారి వైపునకు నడచుచుండగా బాల్జాక్ ఓడిపోయిన రాజవంశపు పక్షమున చేరెను. 1842లో తన నవలాసముదాయమునకు 'లా కొమెదీ ఉమేన్', అనగా 'మానవ ప్రహసనము', అని పేరిడి దానికి వ్రాసిన పీఠికలో, మతము, రాజరికము అను రెండు సత్యముల వెలుగున తాను వ్రాయుచున్నానని స్పష్టముగా ప్రకటించెను. ఇందులో దాపరికమేమియు లేదు.

'కర్షకులు' ఆ సిద్ధాంతమును నిరూపించుటకు సంకల్పించిన గ్రంథము. 1804 నాటి నెపోలియన్ శిక్షాస్మృతి కాదు, పౌరస్మృతి, తండ్రి ఆస్తిని సంతానమునకు సమభాగములుగ పంచవలెనని విధించెను. దీనివలన పెద్ద భూస్థితులన్నియు ముక్కచెక్కలై పోవుననియు, వానితోపాటు దేశపు సంస్కారమే నశించుననియు బాల్జాక్ వాదము. బర్గండీ ప్రాంతమున 'లేజేగ్' అను పెద్ద ఎస్టేటును కల్పించి, అది చెదలు తినిన దూలమువలె లోలోపల గుల్లయై కూలిన తీరును ఆయన వర్ణించెను.

ఎస్టేటు యజమాని మాంకోర్నే నెపోలియన్ సైన్యములోని సేనాని. వడ్రంగి కుమారుడు; పుట్టుకచేత ప్రభువు కాడు. అతడు కొనుటకు పూర్వము ఆ భూమి ఒక సంగీతనాటకశాల గాయనిది. ఆమె మెత్తదనమును ఆసరా చేసికొని దివాను గోబెర్తాన్ సంవత్సరముల తరబడి దోచుకొనెను. సేనాని లెక్కలు చూచి అతనిని అవమానించి వెడలగొట్టెను. ఆ దివాను ప్రక్క పట్టణమునకు మేయరై, కలప వ్యాపారమును చేతబట్టి, బంధువులను కచ్చేరీలలో నింపి, పాత యజమానిపై పగ సాధింప బూనెను. అతనికి తోడు రిగూ అను వడ్డీవ్యాపారి. ఇతడు పూర్వము సన్యాసి. విప్లవకాలమున కాషాయము వదలి సంసారియై, గ్రామమునకు మేయరై, ఇంటిలో రాజభోగము లనుభవించుచు ఊరిలోని పేదలనెల్ల పత్రములలో బంధించి యుంచెను. పోరాటమున కనబడు సైన్యము కర్షకులు. సైన్యమును నడపువారు వీరు. బాల్జాక్ ఎవరిని దోషులుగ నిలుపవలెనని కూర్చుండెనో వారికంటె పెద్ద దోషులు ఆయన కలమునకే దొరకిరి.

గ్రంథారంభమున ఒక హాస్యసన్నివేశము కలదు. ఫూర్షోన్ అను ముదుసలి త్రాళ్లు పేనుకొని బ్రతుకువాడు. వాస్తవమునకు త్రాళ్లకంటె త్రాగుడు హెచ్చు. అతడు మనుమనితో వాగు ఒడ్డున నిలిచి నీరుకుక్కను పట్టుచున్నట్లు నటించును. పారిసునుండి అతిథిగా వచ్చిన బ్లోందే అను పత్రికారచయిత దానిని నిజమని నమ్మి, సాయపడబోయి, తడిసి ముద్దయై, పైగా డబ్బు కూడ చెల్లించుకొనును. వాగులో నీరుకుక్క లేదు! కోటలోని నౌకర్లందరకు ఈ సంగతి ముందే తెలియును. పట్టణపు పండితుడు పల్లెకు వచ్చి మోసపోయిన కథలు ఏ దేశమునకును క్రొత్తవి కావు గాని, ఇంత చక్కగా చెప్పబడినవి అరుదు. ఆ ముదుసలియే తరువాత కోటలో దొరల యెదుట నిలిచి, చట్టములు మారినను తమ బ్రతుకు మారలేదనియు, పూర్వము ప్రభువు కట్టివేసిన మనుజుని నేడు పేదరికము కట్టివేసినదనియు భావము వచ్చునట్లు మాటలాడును. ఎదుటి దొరలు చెప్పిన సమాధానములకంటె ఆ మాటలకు బలమెక్కువ. తాను ఖండింపదలచిన వాదమును అంత బలముగ చెప్పించిన రచయిత తన సిద్ధాంతమునకు మేలు చేసెనని చెప్పుట కష్టము. నవలకు మాత్రము మేలు చేసెను.

వివాదమునకు కారణములు పరిగెయు, ఎండుకట్టెలును. కోతలైన పిమ్మట చేలలో పరిగె ఏరుకొనుట, అడవిలో ఎండిన పుల్లలు తెచ్చుకొనుట పేదలకు తరతరముల వాడుక. సేనాని దీనిని అరికట్టబూనెను. పేదవాడనని ధ్రువపత్రము చూపినవారే పరిగె ఏరవలెనని నిబంధించెను. ఎండుకట్టెల మోపులలో పచ్చికొమ్మలు దాచి తెచ్చుచున్నారని కాపలా బిగించెను. బాల్జాక్ దృష్టిలో ఇది దొంగతనముపై న్యాయమైన చర్య. నమ్మకమైన కాపలాదారుడు మిషో హత్యకు గురియగును. హంతకుడు దొరకడు, సాక్షి దొరకడు. సేనాని విసిగి ఎస్టేటును అమ్మివేయును.

ఇచ్చట ఒక సంగతి జ్ఞాపకము చేసికొనవలసి యున్నది. బాల్జాక్ తన పీఠిక వ్రాసిన 1842లోనే, అక్టోబరు, నవంబరు మాసములలో, జర్మనీలోని కొలోన్ నగరపు 'రైనిషె త్సైటుంగ్' పత్రికలో ఇరువదినాలుగేండ్ల యువకుడు ఇదే విషయముపై వ్యాసములు ప్రకటించెను. రైను మండలపు శాసనసభ అడవిలో కట్టెలేరుటను దొంగతనముగా శిక్షింప నుద్దేశించిన చట్టమును అవి ఖండించినవి. ఎండి రాలిన పుల్ల చెట్టుసొత్తు కాదనియు, అది పేదలకు ఆచారసిద్ధమైన హక్కనియు ఆ వ్యాసముల సారము. ఆ యువకుడు కార్ల్ మార్క్సు. నవలలోని మూలవివాదమున ఆయన తీర్పు, నవల వెలువడుటకు రెండేండ్ల ముందే, రచయిత తీర్పునకు పూర్తిగా విరుద్ధముగ అచ్చుపడి యున్నది. అట్టివాడు బాల్జాకును జీవితాంతము ప్రీతితో చదివెను. అర్థశాస్త్ర గ్రంథము ముగిసిన వెంటనే 'మానవ ప్రహసనము'పై విమర్శగ్రంథము వ్రాయవలెనని ఆయన సంకల్పించినట్లు అల్లుడు పాల్ లఫార్గ్ తన స్మృతులలో తెల్పియున్నాడు.

అడవిపుల్లల తగవు తెలుగువారికి దూరపు కథ కాదు. 1921, 22 సంవత్సరములలో పల్నాటి రైతులు అడవిలో పశువులను మేపుకొనుటకు విధింపబడిన పుల్లరిని చెల్లింపక ప్రతిఘటించిరి. ఆ పోరాటముననే కన్నెగంటి హనుమంతు బలియయ్యెను. ఆచారము ఒక వైపు, కాగితము ఒక వైపు నిలిచినప్పుడు ఏమి జరుగునో ఎరిగిన పాఠకుడు 'కర్షకులు' చదువుచు పలుమారులు రచయితతో తగవులాడకుండ నుండలేడు. అయినను పుస్తకము మూయడు.

మూయనీయని దేమి? కూర్తక్వీస్ వంటివాని కథ యని చెప్పవచ్చును. ఇతడు ఎస్టేటులో సోమరి కాపలాదారుడు. ఉద్యోగము పోగా వచ్చిన సొమ్మునకు రిగూ అప్పును చేర్చి చిన్న భూస్థితి కొనెను. భూస్వామి నైతినని సంతోషించెను. ఇక నాటినుండి భార్యాభర్తలు తెల్లవారకమునుపే లేచి, పూర్వ మెన్నడు ఎరుగని చాకిరి చేసిరి. ఎరువు వేసిరి, తవ్విరి, కడుపు మాడ్చుకొనిరి. పండినదంతయు వడ్డీకే చాలదు! దస్తావేజు కూర్తక్వీసుది, పొలము రిగూది. అంతేకాదు, రిగూ కట్టెలు తోలవలెనన్నను, గడ్డి కోయవలెనన్నను అప్పులవారు పిలువకయే వచ్చి చేసిపోవుదురు. గడువునాడు అతడు కొంచెము ఓపిక పట్టిన చాలును. ఇది ఎవరును బలవంతముగ చేయించుకొనినది కాదు గనుక దీనికి వెట్టియను పేరు లేదు. చేయువాడును ఉచితముగ నిచ్చుచున్నానని తలపడు. చేతినుండి రొక్కము పోలేదు గదా! వెట్టి కాని ఈ వెట్టిని అంత సూక్ష్మముగ చూచిన నవలాకారుడు ఆ కాలమున మరియొకడు కనబడడు.

ఈ చూపును ప్రత్యర్థులే ముందుగ గుర్తించిరి. 1850 ఆగష్టు 21వ తేదీన సమాధికడ ప్రసంగించిన విక్టర్ హ్యూగో, బాల్జాక్ తెలిసియో తెలియకయో, ఇష్టపడియో పడకయో విప్లవరచయితల కోవకు చెందినవాడని చెప్పెను. 1888 ఏప్రిలులో ఫ్రెడరిక్ ఎంగెల్సు ఆంగ్ల నవలారచయిత్రి మార్గరెట్ హార్క్‌నెసుకు వ్రాసిన లేఖ ఇంకను ప్రసిద్ధము. ఆమె 'ఎ సిటీ గర్ల్' అను నవలను పంపగా దానిపై అభిప్రాయము చెప్పుచు, రచయిత అభిప్రాయములు ఎంత దాగియుండిన కళ కంత మేలనియు, ఫ్రెంచి సమాజమును గూర్చి చరిత్రకారులు, అర్థశాస్త్రజ్ఞులు, గణాంకవేత్తలు అందరు కలిసి నేర్పినదానికంటె బాల్జాక్ వలన తాను ఎక్కువ నేర్చితిననియు ఆయన భావము. బాల్జాక్ తన అభిమానమునకు పాత్రులైన కులీనుల పతనమును అనివార్యముగ చూపెననియు, తన రాజకీయశత్రువులగు గణతంత్రవాదులనే నిష్కపటముగ మెచ్చుకొనెననియు ఎంగెల్సు వాదించెను. 'కర్షకులు' నవలయే దీనికి చక్కని సాక్ష్యము. అందులో లంచమునకు, ఆశకు లొంగని గ్రామస్థుడు నిజెరాన్ అను ముసలివాడు. అతడు పేదవాడు, పట్టుదల గల గణతంత్రవాది.

అయినను ఎంగెల్సు మాట సగమే సత్యము. సిద్ధాంతమును ధిక్కరించి బాల్జాక్ సత్యమును చూచెనని ఆయన తలంపు. సిద్ధాంతమే ఆయనచేత చూపించినదని చెప్పుట మరింత సమంజసము. లూయీ ఫిలిప్ రాజ్యమున సుఖపడిన రచయితలకు వడ్డీ, బేరము, దస్తావేజు గాలివలె సహజములు. గాలి నెవరు వర్ణింతురు? పోయినదానికై దుఃఖించువాడే వచ్చినదాని ధర లెక్కించును. దానికి తోడు స్వానుభవము. అచ్చుకూటము పెట్టి 1828 నాటికి దివాలా తీసిన బాల్జాకునకు అప్పులవాండ్ర గుమ్మములు జీవితాంతము పరిచితములే. రిగూను ఆయన గ్రంథములలో చదివి తెలిసికొనలేదు.

అదే దుఃఖము ఆయన కంటికి పొరయు కప్పినది. గ్రామమున నిజెరాన్ వంటి ఒకరిద్దరు తప్ప కర్షకులందరు దొంగలు, త్రాగుబోతులు. ఎండలో దుక్కి దున్నువాని వర్ణనకంటె పానశాలలో కుట్రలు పన్నువాని వర్ణన పదిరెట్లున్నది. ఆకలి యన్న మాట ఫూర్షోన్ నోట వచ్చినప్పుడు కూడ అది సాకువలె ధ్వనించును. పరిగె ఏరు స్త్రీ ఇంటికి పోయి ఏమి వండుకొనెనో రచయిత చూడలేదు. తెలుగుదేశమున జమీందారీలు 1948 నాటి చట్టముచే రద్దయినవి. వాని పతనమును సంస్కారపతనముగ భావించి వ్రాసిన రచనలును, భూమిలేనివాని పక్షమున వ్రాసిన 'మాలపల్లి' వంటి రచనలును గ్రంథాలయపు బీరువాలో ప్రక్కప్రక్కనే యుండును. ఒక అరలోని పుస్తకము చూడనిదానిని రెండవ అరలోనిది చూపును. 'కర్షకులు' నవలకు ఆ రెండవ పుస్తకము ఫ్రాన్సులో ఆనాడు లేదు. రైను మండలపు పత్రికావ్యాసములు కొంతవరకు ఆ పని చేసినవి.

నవల చివర బ్లోందే కొన్ని సంవత్సరముల పిమ్మట ఆ త్రోవన వచ్చి ఎస్టేటును గుర్తింపలేకపోవును. కోట లేదు, అడవి లేదు. భూమియంతయు చిన్నచిన్న చెక్కలై యున్నది. ఇదిగో చూడుడు నాశనము, అని రచయిత ఉద్దేశము. కాని కథను శ్రద్ధగా చదివినవానికి ఆ చెక్కలలో ప్రతిదాని వెనుక రిగూ పత్రము కనబడును.

మార్క్సు తలపెట్టిన విమర్శగ్రంథము వెలువడలేదు. 1883లో ఆయన మరణించునాటికి 'పెట్టుబడి' గ్రంథమే పూర్తికాలేదు. మిగిలిన వ్రాతలను ఎంగెల్సు పరిష్కరించి మూడవ సంపుటమును 1894లో అచ్చువేయించెను. దాని మొదటి అధ్యాయమున, ఉత్పత్తివ్యయమును చర్చించుచు మార్క్సు 'కర్షకులు' నవలను పేర్కొనెను. వాస్తవపరిస్థితులను లోతుగ గ్రహించినవాడని బాల్జాకును ప్రశంసించి, వడ్డీవ్యాపారి దయకొరకు ఊరక చాకిరి చేయుచు, తాను అతనికేమియు నిచ్చుటలేదని భ్రమించు చిన్నరైతును ఉదాహరణముగ చూపెను.