కరమజోవ్ సోదరులు: ఒక గర్భశోకపు చరిత్ర

‘కరమజోవ్ సోదరులు’ అనగానే పాఠకునికి తండ్రి హత్య గుర్తుకు వస్తుంది. హంతకుడెవరు, ఇవాన్ సిద్ధాంతాలకు ఆ హత్యలో పాలెంత, దేవుడు లేడనుకొంటే నీతికి ఆధారమేమిటి – విమర్శ చాలవరకు ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. అవి చిన్న ప్రశ్నలని నేననను. అయితే ఆ నవలలో మరొక కథ కూడ నడుస్తున్నది. అది పసివాళ్ళను మట్టిలో పెట్టి ఇంటికి తిరిగి వచ్చిన తల్లిదండ్రుల కథ. దస్తయేవ్‌స్కీని అభివృద్ధి నిరోధకుడని ఒక్క మాటతో పక్కకు నెట్టే అభ్యుదయవాదులకూ, మహాభక్తుడని నెత్తిన పెట్టుకొనే సంప్రదాయవాదులకూ కూడ ఆ కథ కొరకరాని కొయ్యే.

ముందు జరిగిన సంగతులు చూద్దాం. 1849లో, బెలిన్‌స్కీ గొగోల్‌కు వ్రాసిన ఉత్తరాన్ని మిత్రుల సమావేశంలో చదివిన నేరానికి మరణశిక్ష పొంది, వధ్యస్థానం దాకా వెళ్ళి, చివరి క్షణంలో శిక్ష మారి సైబీరియా కారాగారానికి పోయినవాడు దస్తయేవ్‌స్కీ. తిరిగి వచ్చిన తర్వాత క్రమంగా జారు సింహాసనానికీ చర్చికీ సమర్థకుడైనాడు. 1867లో ఆన్నా గ్రిగోర్యేవ్నాను వివాహమాడాడు. మరుసటి ఏడు జెనీవాలో పుట్టిన తొలి బిడ్డ సోన్యా మూడు నెలలకే పోయింది. 1875 ఆగస్టులో పుట్టిన ఆఖరివాడు అలెక్సేయ్, ముద్దుపేరు అల్యోషా. 1878 మే 16న (పాత రష్యన్ పంచాంగం లెక్క) ఆ పిల్లవానికి మూర్ఛ వచ్చింది. గంటల తరబడి కొట్టుకొని ప్రాణం విడిచాడు. మూర్ఛరోగం తండ్రిది. ఆ రోగం తన నుంచే బిడ్డకు సంక్రమించిందన్న బాధ ఆయనను దహించివేసిందని భార్య తన జ్ఞాపకాలలో వ్రాసింది.

ఆమె ప్రోద్బలంతోనే, ఆ జూన్ నెలలో, పాతికేళ్ళ తాత్త్వికుడు వ్లదీమిర్ సొలవ్యోవ్ తోడుగా ఆయన ఆప్తినా మఠానికి వెళ్ళాడు. అక్కడ అంబ్రోసీ అనే వృద్ధ సన్యాసిని మూడుసార్లు చూశాడు – ఒకసారి జనం మధ్య, రెండుసార్లు ఏకాంతంగా. పిల్లలను గురించి నవల వ్రాయాలన్న సంకల్పం ఆయనకు అంతకు ముందే ఉన్నది. ఇప్పుడు ఆ సంకల్పంలో తన ఇంటి చావు వచ్చి చేరింది. నవల 1879 జనవరి నుంచి 1880 నవంబరు వరకు కత్కోవ్ నడిపిన ‘రూస్కీ వేస్త్‌నిక్’ పత్రికలో వెలువడింది. నాయకునికి పోయిన కొడుకు పేరు పెట్టాడు. గ్రంథాన్ని భార్యకు అంకితమిచ్చాడు. 1881 జనవరిలో తానూ పోయాడు.

నవల రెండవ పుస్తకంలో మఠం ముందు పల్లెటూరి స్త్రీలు గుమిగూడిన ఘట్టమొకటి ఉన్నది. తత్త్వచర్చల తొందరలో పాఠకులు దానిని దాటిపోతారు. నస్తాస్యా అనే బండివాని భార్య ఎంతో దూరం నుంచి వచ్చి జొసీమా స్వామి ముందు మోకరిల్లుతుంది. నలుగురు బిడ్డలు పుట్టారు, నలుగురూ పోయారు. ఆఖరివానికి మూడేళ్ళు నిండటానికి మూడు నెలలు తక్కువ. పేరు అలెక్సేయ్. 1875 ఆగస్టు నుంచి 1878 మే దాకా లెక్క కట్టి చూడండి: సరిగ్గా అంతే! పీటర్స్‌బర్గు రచయిత తన కొడుకు పేరునూ, వయస్సునూ తీసికొనిపోయి ఒక బండివాని భార్య ఒడిలో పెట్టాడు. తన దుఃఖం చెప్పుకోవటానికి తన వర్గపు గొంతు ఆయనకు చాలలేదు.

ఆ తల్లి కోరిక చాల చిన్నది. ఒక్కసారి, మూలన నిలబడి, మాట్లాడకుండానైనా సరే, బిడ్డ గదిలో టపటప నడిచే చప్పుడు వినాలి. రొమ్ములో దాచుకొన్న వాని నడికట్టును తీసి చూపబోయి, చూడగానే కుప్పకూలి ఏడుస్తుంది. పసిపిల్లలు దేవుని సన్నిధిలో దేవదూతలౌతారని జొసీమా చెప్తాడు. మా ఆయన కూడ అదే చెప్తాడు, చెప్తూనే నాలాగే ఏడుస్తాడు అంటుందామె. మన ఇళ్ళలో ‘వాడి రుణం అంతే, తీరిపోయింది’ అనే పెద్దలు ఆ మాట అని పెరటిలోకి పోయి కళ్ళు తుడుచుకోరూ! అక్కడ సన్యాసి తన పాఠం మార్చుకొంటాడు. ఊరట పొందవద్దు, ఏడువు. ఆ ఏడుపు చాలకాలం ఉంటుంది, ఉండి ఉండి నెమ్మదిగా శాంతిగా మారుతుంది. ఇంటికి పోయి నీ మొగుణ్ణి చూసుకో అంటాడు. అంబ్రోసీ తనకు పంపిన ఓదార్పు ఇదేనని ఆన్నా వ్రాసింది. కరుణరసానికి శోకం స్థాయి అని ఏటేటా తరగతిలో చెప్తుంటాను. శోకం రసం కావటమంటే కన్నీరు ఇంకిపోవటమని విద్యార్థులు వ్రాసుకొంటారు. వాళ్ళ చేత ఈ ఘట్టం చదివించాలని ఉంటుంది.

ఇంతవరకు రచయితకు నమస్కారం. ఇక అడగవలసిన మాట. ఆ నలుగురూ ఎందుకు పోయారు? 19వ శతాబ్దం చివర యూరపు రష్యాలో పుట్టిన నలుగురిలో సుమారు ఒకరు ఏడాది నిండకుండానే మరణించేవారు. 1864 సంస్కరణతో ఏర్పడిన జెమ్‌స్త్వో స్థానిక సంస్థల వైద్యులు పల్లెలలో పనిచేస్తున్న కాలమది. దస్తయేవ్‌స్కీ తండ్రి మాస్కోలో బీదల ఆసుపత్రి వైద్యుడు. ఆ ఆసుపత్రి ఆవరణలోనే రచయిత పుట్టాడు. అయినా మఠం ముందు ఏ జబ్బు చేసిందమ్మా అని అడిగినవాడు లేడు. సన్యాసి అడగకపోవటం సహజం. రచయిత కూడ అడగలేదే!

గోర్కీ కోపానికి మూలం ఈ తరహా మౌనంలోనే ఉన్నదని నేననుకొంటాను. 1913లో మాస్కో ఆర్ట్ థియేటరు వారు ‘దయ్యాలు’ నవలను ప్రదర్శించబోయినప్పుడు ఆయన ‘కరమజోవ్ తత్త్వాన్ని’ ఎండగడుతూ వ్యాసం వ్రాశాడు. బాధను పూజించే సాహిత్యం అణగారిన ప్రజలకు చేటని ఆయన వాదం. బలమైన వాదమే. అయితే 1906లో అదే గోర్కీ అమెరికాలో ఉండి ‘అమ్మ’ వ్రాస్తుండగా రష్యాలో ఆయన కూతురు కాత్యా అయిదేళ్ళ ప్రాయంలో మరణించింది. క్రొవ్విడి లింగరాజు గారి తెలుగులో మనవాళ్ళు చదువుకొన్న ఆ నవలలో ఆ పాప ఎక్కడా లేదు. ఉండి తీరాలనీ లేదు. తన శోకాన్ని నవల బయట ఉంచటం ఆయన పద్ధతి, నడిమధ్యన పెట్టటం దస్తయేవ్‌స్కీ పద్ధతి. మొదటిదే ఆరోగ్యమని తీర్పు చెప్పే అధికారం మనకెవరిచ్చారు?

పైగా మఠం ముందు రచయిత అడగని ప్రశ్నకు స్నెగిర్యోవ్ కథలో కొంత జవాబున్నది. స్నెగిర్యోవ్ కొలువు పోయిన కెప్టెన్. మతి చలించిన భార్య, అవిటి కూతురు, ఇరుకు కొంప. ద్మీత్రి కరమజోవ్ ఆయనను గడ్డం పట్టి వీధిలోకి ఈడ్చినప్పుడు చిన్న కొడుకు ఇల్యూషా ఆ చేతినే ముద్దుపెట్టుకొని మా నాన్నను వదలమని వేడుకొన్నాడు. ఆ అవమానం, బడిపిల్లల ఎగతాళి, పేదరికం, జబ్బు – ఇవి ఆ పిల్లవాణ్ణి తినివేసిన తీరు అంచెలంచెలుగా కనబడుతుంది. ఇక్కడ విధి మీద నెపం లేదు. చావబోతూ వాడు తండ్రితో, నేను పోయాక మంచి పిల్లవాణ్ణొకణ్ణి ఎంచుకొని నా పేరు పెట్టి నాకు మారుగా ప్రేమించు అంటాడు. తండ్రి గది బయటికి వచ్చి, మంచి పిల్లవాడూ వద్దు, మరో పిల్లవాడూ వద్దు అని పళ్ళు కొరుకుతాడు.

పునర్జీవనం అన్న మాటను మనం సులభంగా వాడేస్తాం. పోయినవాని చోటు మరొకరితో నిండటమే పునర్జీవనమైతే ఈ నవలలో అది లేదు. ఉన్నది వేరు. ఒకప్పుడు ఇల్యూషాను రాళ్ళతో కొట్టిన బడిపిల్లలే అల్యోషా పూనికతో వాని మంచం చుట్టూ చేరారు. పన్నెండు మంది దాకా శవం వెంట నడిచారు. పిచ్చుకలు వస్తే తనకు తోడుగా ఉంటాయని కొడుకు కోరినందున తండ్రి సమాధి మీద రొట్టెముక్కలు చల్లుతాడు. ఇంటికి వచ్చి మూలనున్న చిన్న బూట్లు చూసి, వాటి మీద పడి ముద్దులు పెడుతూ గోలుగోలున ఏడుస్తాడు. అల్యోషా ఆయనను ఓదార్చడు; బయటికి వచ్చి, ఏడవనివ్వండని అంటాడు.

ఆ తర్వాత రాతి దగ్గర అతడు చేసే ప్రసంగమూ, పునరుత్థానం మీద అతని నమ్మకమూ నాకు పట్టవు. కోల్యా అనే కుర్రవాని సందేహమే నాకు దగ్గరగా ఉన్నది: ఇంత దుఃఖం మధ్య చావుభోజనమని అట్లు తినటం వింతగా లేదా అంటాడు వాడు. మన దినవారాలనాడు విస్తట్లో గారెలు పడ్డప్పుడు ఇది తట్టని పిల్లవాడుండడు. అల్యోషా నవ్వి, అది అనాదిగా వస్తున్న మంచి ఆచారమేనని చెప్పి వాని చెయ్యి పట్టుకొని బయలుదేరుతాడు. ఆ భోజనం ఇల్యూషా బూట్లున్న ఆ ఇంటిలోనే.