నడపడం రానివాళ్ల కోసం పుట్టిన బండి

కొర్రాదీనో దస్కానియోకు మోటార్ సైకిల్ అంటే గిట్టేది కాదు. ఎక్కాలంటే కాలెత్తి అవతలికి వేయాలి. గొలుసుకున్న నూనె బట్టలకు అంటుకుంటుంది. దారిలో టైరు పంచరైతే చక్రం ఊడదీయడం మామూలు మనిషి వల్ల కాదు. 1891లో ఇటలీలోని పోపోలిలో పుట్టిన ఈ ఇంజినీరు మనసంతా విమానాల మీదే ఉండేది. 1930లో ఆయన హెలికాప్టర్ ఎత్తులో, దూరంలో, గాలిలో నిలిచిన సమయంలో అప్పటి రికార్డులన్నీ సొంతం చేసుకుంది. అలాంటి మనిషికి రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రోడ్డు మీద తిరిగే చవక బండి గీసే పని పడింది.

పొంతెదేరాలోని పియాజియో ఫ్యాక్టరీ యుద్ధానికి ముందు విమానాలు చేసేది. బాంబు దాడుల్లో అది శిథిలమైంది. యుద్ధం అయిపోయాక విమానాలు కొనేవాళ్లూ లేరు. రోడ్లు గుంతలు, జనం చేతిలో డబ్బులు లేవు. ఎన్రికో పియాజియో అప్పటికే ఒక చిన్న బండి నమూనా చేయించాడు గానీ, దాని నడుమ రెండు కాళ్ల మధ్య అడ్డంగా ఒక దిమ్మ ఉండేది. అది ఆయనకు నచ్చలేదు. దస్కానియోను పిలిచి మళ్లీ గీయమన్నాడు.

గీసింది చూస్తే, మోటార్ సైకిల్ మీద తనకున్న ఒక్కో ఫిర్యాదునూ వరసగా తీర్చుకున్నాడనిపిస్తుంది. ఇంజన్‌ను తీసుకెళ్లి వెనక చక్రం పక్కనే పెట్టాడు, దాంతో గొలుసు అవసరం పోయింది. కాళ్ల మధ్య జాగా ఖాళీ చేశాడు, లంగా కట్టుకున్న ఆవిడ కూడా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. ముందు రేకు అడ్డం పెట్టాడు, బురద మీద పడదు. గేరును కాలి నుంచి ఎడమ చేతి పిడిలోకి మార్చాడు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒక్క పక్క నుంచే పట్టి నిలిపాడు, పంచరైతే బోల్టులు విప్పి పక్కకు లాగేయడమే. 1946 ఏప్రిల్ 23న ఫ్లోరెన్సులో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. అదే 98 సీసీ వెస్పా. మరుసటి ఏడాది మిలాన్‌లో, ఉక్కు గొట్టాల వ్యాపారి ఫెర్డినాండో ఇన్నోచెంతి లాంబ్రెటాను దింపాడు. 1953లో వచ్చిన రోమన్ హాలిడే సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ వెస్పా ఎక్కి రోమ్ వీధుల్లో తిరిగింది. ఆ సినిమాలో ఆమె బండి నడపడం ఎరగని రాకుమారి. స్కూటర్‌కు అంతకంటే సరిపోయిన రౌతు ఇంకొకరు ఉండరు.

ఈ బండి చరిత్రంతా నాకు ఒకే దారిలో కనిపిస్తుంది. నడపడం వచ్చినవాళ్ల కోసం కాక, రానివాళ్ల కోసం గీసిన యంత్రం ఇది. ఆ మాట పూర్తిగా నిలబడటానికి మాత్రం మన దగ్గర చాలా కాలం పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా లాంబ్రెటా విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. 1948 నుంచి బజాజ్ వాళ్లు విదేశీ స్కూటర్లు దిగుమతి చేసుకున్నారు. 1959లో తయారీకి లైసెన్సు వచ్చాక, పియాజియోతో ఒప్పందం మీద వెస్పాలు ఇక్కడే చేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటి ఏడాది రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకుని చేతక్ వచ్చింది. బండి ఒడ్డూ పొడుగూ వెస్పావే, పేరు మాత్రం మనది.

అప్పట్లో కష్టమంతా కొనడంలోనే ఉండేది. ఎన్ని బండ్లు చేయాలో లైసెన్సు చెప్పేది, ఫ్యాక్టరీ అంతకు మించకూడదు. కొనేవాళ్లు మాత్రం ఏటికేడాదీ పెరిగిపోయారు. పేరు రాయించుకుని పదేళ్ల దాకా ఎదురుచూసినవాళ్లున్నారు. పెళ్లి కాకముందు బుక్ చేసినవాడికి బండి చేతికొచ్చేసరికి ముందు నిలబెట్టుకోవడానికి పిల్లాడు ఉండేవాడు. అలాట్‌మెంటు కాగితం వచ్చిందంటే వీధంతా తెలిసిపోయేది. ఆ కాగితాన్నే అసలు ధర మీద ప్రీమియం వేసి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. విదేశాల్లో ఉన్న బంధువు డాలర్లలో డబ్బు కడితే బండి తొందరగా చేతికొచ్చే పద్ధతి కూడా ఉండేది.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు మీద కూర్చున్న అల్లుడి కోరికల్లో వాచీ, రేడియో తరవాత చేరింది స్కూటరే. దాన్ని వేడుకగా చెప్పుకునే ఇళ్లున్నాయి. నాకు మాత్రం ఆ బండి కోసం అప్పు చేసిన మామల లెక్కలే గుర్తొస్తాయి. పదేళ్ల వరసలో నిలబడి తెచ్చుకోవాల్సిన వస్తువును ఒక ఆడపిల్ల తండ్రి వారంలో తేవాలంటే ప్రీమియం కట్టడం తప్ప దారి లేదు. కొరత పెట్టిన భారం ఆ ఇంటి మీద రెండింతలు పడింది.

ఆ కొరత తీర్చడానికి ప్రభుత్వాలు కూడా దిగాయి. ఇటలీలోని ఇన్నోచెంతి యంత్రాలు కొని తెచ్చి 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టారు. విజయ్ సూపర్ అక్కడిదే. లాంబ్రెటా కుటుంబానికే చెందిన పుష్పక్ స్కూటర్ ఆల్విన్ పేరు మీద మన హైదరాబాద్‌లో వచ్చింది. ఫ్రిజ్‌లు, బీరువాలు, వాచీలు చేసిన ఆల్విన్ స్కూటర్ కూడా చేసిందంటే ఇవాళ్టి పిల్లలు నమ్మరు. అంత డబ్బు పెట్టలేనివాళ్లకు మోపెడ్ ఉండేది. తిరుపతిలో తయారైన సువేగా పల్లెటూరి మేష్టర్లనూ, పాల వ్యాపారులనూ ఎంతమందిని మోసిందో. స్కూటర్ల చరిత్ర రాసేవాళ్లు మోపెడ్‌ను పక్కన పెడతారు, అది సరికాదు. సైకిల్ నుంచి పెట్రోలు బండికి మన జనాన్ని దాటించింది అదే.

సరే, పదేళ్లకు చేతక్ ఇంటికొచ్చింది. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టారు. ఇప్పుడు నేర్చుకోవాలి.

ముందు స్టార్ట్ చేయడమే ఒక విద్య. సీటు కింద పెట్రోలు కాక్ తిప్పాలి, చోక్ లాగాలి, కిక్ కొట్టాలి. పలకకపోతే బండిని ఒక పక్కకు వంచి, నిలబెట్టి, మళ్లీ కొట్టాలి. టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయించుకోవాలి. పాళ్లు తగ్గితే ఇంజన్ పట్టేస్తుంది, ఎక్కువైతే వెనక పొగ. ఇంజన్ నడుమ లేదు, కుడి పక్కన ఉంది. అందుకే నిలబడిన బండి కూడా కుడివైపుకు లాగుతున్నట్టుంటుంది, కొత్తవాళ్లకు అది అర్థం కాక భయం పుడుతుంది. ఎడమ చేత్తో క్లచ్ నొక్కి, అదే పిడిని మణికట్టుతో తిప్పి గేరు వేయాలి. న్యూట్రల్ ఎక్కడుందో కళ్లు కాదు, చెయ్యి చెప్పాలి. క్లచ్ మెల్లిగా వదలాలి, కుడి చేత్తో మెల్లిగా రేజ్ ఇవ్వాలి. ఒకటి ముందైతే బండి గుర్రంలా లేస్తుంది, ఇంకోటి వెనకైతే ఆగిపోతుంది. వెనక బ్రేకు కుడి కాలి కింద. ఇన్ని పనులు రెండు చేతులకూ ఒక కాలికీ పంచి, కళ్లు మాత్రం రోడ్డు మీద ఉంచాలి. హైస్కూలు గ్రౌండులో తెల్లవారుజామున నేర్పించే బాబాయిలూ మేనమామలూ వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది ఇందుకే.

సైకిల్ వచ్చినవాళ్లకు బ్యాలెన్స్ అప్పటికే వచ్చేసి ఉండేది. అయితే సైకిల్ నేర్పింది ఎవరికి? మగపిల్లలకు. చీర కట్టుకుని, చేతిలో సంచీతో స్కూల్‌కో ఆఫీసుకో పోవాల్సిన ఆడవాళ్లు వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చున్నారు. వాళ్ల చీర చక్రంలో పడి జరిగే ప్రమాదాలు చట్టం దాకా వెళ్లాయి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వాళ్ల గురించే మాట్లాడుతుంది. వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆసరా, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలంటుంది. శారీ గార్డ్ షోరూమ్‌వాళ్లు అంటగట్టే అదనపు సామాను కాదు, చట్టం అడిగేది. అది ఊడదీయించేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

దస్కానియో ఆలోచన మన దగ్గర నిజంగా నెరవేరింది 1984లో. కైనెటిక్ కంపెనీ హోండాతో కలిసి తెచ్చిన కైనెటిక్ హోండాకు గేర్లు లేవు, క్లచ్ లివర్ లేదు, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేది. లోపల ఉన్నది రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక రబ్బరు బెల్టు. ఇంజన్ వేగం పుంజుకున్నకొద్దీ ముందు పుల్లీలోని రోలర్లు బయటికి జరిగి దాన్ని దగ్గరకు నొక్కుతాయి, బెల్టు దాని మీద పైకెక్కుతుంది, వెనక పుల్లీలో కిందికి దిగుతుంది. చేత్తో మార్చాల్సిన గేరును యంత్రమే మెట్లు లేకుండా మార్చుకుంటుంది. ఇంజన్ కొంత వేగం అందుకునేదాకా క్లచ్ పట్టుకోదు కాబట్టి సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయే భయమూ పోయింది. డాక్టరమ్మలూ బ్యాంకు ఉద్యోగినులూ లెక్చరర్లూ ముందు సీటులోకి వచ్చారు. ఈ దేశంలో స్కూటర్ సాధించిన అతిపెద్ద పని ఇదేనని నా నమ్మకం. హమారా బజాజ్ ప్రకటనను ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు, తలుచుకోవాల్సిందే. కానీ ఇంట్లో ఇంకో మనిషికి తాళం చెవి ఇచ్చింది గేర్లు లేని బండి.

1990ల్లో స్కూటీ కాలేజీ అమ్మాయిలకు చేరింది. అదే కాలంలో మైలేజీ ఇచ్చే మోటార్ సైకిళ్లు వచ్చి చేతక్ అమ్మకాలు తగ్గించేశాయి. స్కూటర్ పని అయిపోయిందని వ్యాపారంలో ఉన్నవాళ్లే అనుకున్నారు. కైనెటిక్‌తో విడిపోయిన హోండా సొంతంగా వచ్చి 2001లో యాక్టివా దింపింది. ఫోర్ స్ట్రోక్, 102 సీసీ, ఆయిల్ కలిపే పని లేదు. తమాషా ఏమిటంటే, హీరో కంపెనీతో ఉన్న ఒప్పందం వల్ల ఆ కొత్త కంపెనీ మొదట్లో మోటార్ సైకిళ్లు చేయడానికి వీల్లేదు. చేస్తే స్కూటరే చేయాలి. బజాజ్ 2009లో స్కూటర్ల తయారీ వదిలేసింది. 2016 మొదటి ఆరు నెలల్లో మోటార్ సైకిళ్లన్నిటినీ దాటి దేశంలో ఎక్కువగా అమ్ముడైన ద్విచక్ర వాహనం యాక్టివా.

గేర్లు పోయాయి కాబట్టి నేర్చుకోవడానికి ఏమీ లేదనుకుంటారు చాలామంది. ఉంది. గేరు బండిలో భయపడినవాళ్లు ఎడమ చేత్తో క్లచ్ నొక్కేస్తే చక్రానికి శక్తి అందేది కాదు. గేర్లు లేని బండిలో ఆ తప్పించుకునే దారి లేదు. ఎక్స్‌లేటర్ కుడి చేతిలో, ముందు బ్రేకూ కుడి చేతిలోనే. బెదిరినవాళ్లు పిడిని గట్టిగా బిగిస్తారు, బిగిస్తే మణికట్టు తిరుగుతుంది, బండి గోడ మీదికి దూకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తగిలే దెబ్బల్లో చాలా వరకు ఇలాంటివే. అందుకే మొదటి పాఠం ఇంజన్ ఆపేసి చెప్పాలి. కొద్దిగా వాలున్న చోట బండిని జారనిచ్చి, కాళ్లు రెండూ నేలకు దగ్గరగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి పట్టడం చేతికి అలవాటు చేయాలి. బ్రేకు పట్టే ముందు ఎక్స్‌లేటర్ వదలడం ఆలోచించకుండా జరిగేదాకా ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. 125 సీసీ లోపు బండ్లకు 2019 నుంచి కంబైన్డ్ బ్రేకు తప్పనిసరి అయింది గానీ, ఇసక మీద, తడి రోడ్డు మీద ఒక్కసారిగా నొక్కితే అదీ కాపాడదు. చూపు ముందు చక్రం మీద కాక దూరంగా ఉండాలి. చిన్న చక్రాలు కాబట్టి మోటార్ సైకిల్ దాటే గుంతలో స్కూటర్ పడుతుంది. చున్నీ, పైట ముడి వేసుకోవాలి.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్స్ లైసెన్సు, తీసుకున్నాక అసలు లైసెన్సుకు వెళ్లడానికి కనీసం 30 రోజులు ఆగాలి, ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆ నెల రోజుల్ని కాగితాల ఆలస్యంగా చూడకండి. ఎనిమిది అంకె వేయడం మాత్రమే నేర్చుకుని వెళితే లైసెన్సు రావచ్చు, ట్రాఫిక్ రాదు. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపేటప్పుడు వెనక నేర్పేవాళ్లను తప్ప ఇంకెవరినీ ఎక్కించకూడదు.

ఇవాళ కొనడం తేలికైపోయింది. పొద్దున షోరూమ్‌కి వెళితే డౌన్ పేమెంట్ కట్టి సాయంత్రానికి బండితో రావచ్చు. అందుకే ఇంటర్ చదివే పిల్లలకు పదహారేళ్లకే బండి కొనిచ్చే ఇళ్లు పెరిగాయి. పదహారేళ్లకు చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని బండినే, అదీ లైసెన్సుతో. షోరూమ్‌లో కనిపించే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ వంద సీసీ దాటినవే. పద్దెనిమిది నిండకుండా వాటిని నడిపితేనే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బండికి లైసెన్సు అక్కర్లేదు. కాలేజీ పిల్లలకు అది చాలు, హెల్మెట్ మాత్రం తప్పదు.

2020 జనవరి నుంచి చేతక్ పేరు మళ్లీ రోడ్డు మీదుంది, ఈసారి బ్యాటరీతో. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు క్లచ్ పట్టుకునే ఆ అరక్షణం ఆలస్యం కూడా ఉండదు, పిడి తిప్పగానే లాగుతుంది. చప్పుడు లేదు కాబట్టి ఆన్‌లో ఉందో లేదో కొత్తవాళ్లకు తెలియదు, ఆగిందనుకుని పక్కన నిలబడి పిడి తిప్పేస్తారు. కొనేముందు రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి, నూరు కిలోలు దాటిన బండిని మీరే సెంటర్ స్టాండ్ వేసి, మీరే వెనక్కి తోసి చూడండి. నేర్చుకునే నెల రోజులూ ఈకో మోడ్‌లోనే ఉంచండి. దిగే ప్రతిసారీ ముందు స్విచ్ ఆపి, తరవాత స్టాండ్ వేయండి.