స్థలాకృతి సర్వే - ఉద్యోగావకాశాలు

స్థలాకృతి సర్వే అనగా భూమి ఉపరితలంపై గల ఎత్తుపల్లాలను, కొండలను, వాగులను, చెరువులను, రహదారులను, కట్టడాలను కొలిచి నిర్ణీత స్కేలులో పటముగా చూపే ప్రక్రియ. ఆంగ్లంలో దీనిని టోపోగ్రఫీ అంటారు. పాఠ్యపుస్తకాలలో నైసర్గిక స్వరూపం అనే మాట కూడా ఇదే విషయాన్ని సూచిస్తుంది. ఈ పని చేసేవారిని సాధారణంగా సర్వేయర్లు అని పిలుస్తారు కాని, డ్రాఫ్ట్స్‌మన్లు, వైమానిక ఛాయాచిత్రాలను పరిశీలించేవారు, జీఐఎస్ నిపుణులు, డ్రోన్ పైలట్లు కూడా ఈ రంగంలోని వారే. కాలువ తవ్వాలన్నా, రైలుమార్గం వేయాలన్నా, గని తెరవాలన్నా, అన్నదమ్ములు పొలం పంచుకోవాలన్నా మొదట కావలసినది కొలత. కొలత తప్పితే నష్టపోయేది కొలిచినవాడు కాదు, ఆ భూమి మీద బతికేవారు. అందుచేత ఈ రంగంలో ఉద్యోగాలు ఎక్కడ ఉన్నవో తెలుసుకోవడంతో పాటు, ఆయా ఉద్యోగాలలో ఉండే బాధ్యత ఏమిటో కూడా విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

చరిత్ర

భారతదేశంలో ఆధునిక సర్వే ఈస్టిండియా కంపెనీ పాలనలో మొదలైనది. సర్వే ఆఫ్ ఇండియా సంస్థ 1767లో ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉన్నది. సర్వేయర్ల కొరత తీర్చడానికి మైకేల్ టాపింగ్ 1794లో మద్రాసులో ఒక సర్వే పాఠశాలను నెలకొల్పాడు. అదే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగ్ కళాశాలగా ఎదిగింది. దేశంలోని అతి పాత ఇంజనీరింగ్ కళాశాలలలో ఒకటి సర్వేయర్లను తయారుచేయడానికే పుట్టిందన్న సంగతి నేడు చాలామందికి తెలియదు.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ సమీపంలో ఆధారరేఖను కొలిచి మహా త్రికోణమితి సర్వేను ప్రారంభించాడు. అతని సహాయకుడు జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవులలో సర్వే చేయుచుండగా అతని బృందం విషజ్వరాల పాలైంది. ఎవరెస్టు కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్ళవలసి వచ్చింది. ఎండ, జ్వరం, పాము, అడవి అన్నవి నాటి సర్వే ఉద్యోగంలో భాగములే.

ఈ రంగంలో మొదటి నుండి తెలుగువారు ఉన్నారు. 1815లో మొదటి సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియాగా నియమితుడైన కాలిన్ మెకంజీ వద్ద ఏలూరుకు చెందిన కావలి సోదరులు పనిచేశారు. వీరిలో బొర్రయ్య 1803లో మరణించగా, లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. సర్వే బృందాలతో పాటు సేకరించిన కైఫియత్తులు నేడు దక్షిణ భారత చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. కొలతలను లెక్కగట్టే ఉద్యోగం వేరుగా ఉండేది. అటువంటి ఉద్యోగంలో 1831లో చేరిన బెంగాలీ గణితవేత్త రాధానాథ్ సిక్దార్, 15వ శిఖరంగా గుర్తించబడిన కొండ ప్రపంచంలో అన్నింటికన్న ఎత్తైనదని 1852లో లెక్క తేల్చాడు. ఆ శిఖరానికి పెట్టిన పేరు మాత్రం ఎవరెస్టుది.

గ్రామ సర్వే

తెలుగు రాష్ట్రాలలో ఈ రంగంలో ఎక్కువ ఉద్యోగాలు కల్పించేది రెవెన్యూ భూముల సర్వే. నిజానికి ఇది హద్దుల సర్వే. స్థలాకృతి సర్వేలో ఎత్తులు ముఖ్యం, హద్దుల సర్వేలో గట్లు ముఖ్యం. అయితే పరికరాలు, శిక్షణ చాలావరకు ఒకటే కావడం వలన ఒకదానిలో పని నేర్చినవారు రెండవదానిలో సులభంగా చేరగలరు.

ఇక్కడి కొలతల వెనుక పాత గొలుసు ఉన్నది. గంటరు గొలుసు పొడవు 66 అడుగులు, దానిలో 100 లింకులు ఉంటాయి. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎకరంలో నూరవ వంతు అయిన సెంటు సరిగ్గా 1000 చదరపు లింకులు. తెలంగాణలో వాడుకలో ఉన్న గుంట ఎకరంలో 40వ వంతు, అనగా 121 చదరపు గజాలు. 33 అడుగుల భుజం గల చదరం వైశాల్యం కూడా అంతే. కోస్తా, రాయలసీమలలో ప్రతి సర్వే నంబరుకు ఫీల్డు మెజర్‌మెంటు బుక్కులో పటం ఉంటుంది. తెలంగాణలో నిజాం కాలపు సర్వే నుండి వచ్చిన టిప్పన్ అదే పని చేస్తుంది. పాత టిప్పన్ చదవడం రానివాడు ఎంత ఖరీదైన పరికరం పట్టుకున్నా గ్రామంలో హద్దు చూపలేడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినపుడు గ్రామ సర్వేయరు గ్రేడు-3 ఉద్యోగాలు 11 వేలకు పైగా ప్రకటించబడినవి. అంతకు ముందు ఒక మండలం మొత్తానికి ఒకరిద్దరు సర్వేయర్లు ఉండేవారు. ఆ తరువాత 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. సుమారు వంద సంవత్సరాల క్రితం గొలుసుతో కొలిచిన భూములను డ్రోన్లతోను, ఉపగ్రహ సంకేతాలను అందుకునే రోవర్లతోను తిరిగి కొలిచారు. పాత లెక్కకు, కొత్త లెక్కకు తేడా వచ్చినచోట రైతులలో ఆందోళన కలిగింది. విస్తీర్ణం తగ్గిందని, పలువురి భూమిని ఒకే ఉమ్మడి పటంలో చేర్చారని పెద్ద ఎత్తున ఫిర్యాదులు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారిన పిమ్మట గ్రామసభలలో ఈ ఫిర్యాదులను స్వీకరించి, 2025లో సవరించిన పద్ధతిలో రీసర్వేను తిరిగి ప్రారంభించారు. రోవరు చూపే అంకె సెంటీమీటర్లలో సరిగానే ఉండవచ్చు. కాని దానిని ఏ గట్టు మీద పెట్టాలో నిర్ణయించేది మనిషి. పక్క పొలం రైతు లేకుండా, నోటీసు సరిగా ఇవ్వకుండా కొలిస్తే ఎంత సూక్ష్మమైన కొలతయినా తగాదాకే దారితీస్తుంది.

తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను సమయంలో భూమి పటాన్ని జతపరచే పద్ధతికి ఈ చట్టం వీలు కల్పించింది. ఇందుకు కావలసిన సిబ్బంది కోసం ప్రభుత్వం 2025లో లైసెన్సుడు సర్వేయర్లకు శిక్షణనిచ్చింది. లైసెన్సుడు సర్వేయరు జీతం గల ప్రభుత్వోద్యోగి కాడు. ఈ భేదాన్ని దరఖాస్తు చేసే ముందే గమనించాలి.

ఎత్తుల కొలత

స్థలాకృతి సర్వేలో కష్టమైన భాగం ఎత్తు. భారతదేశంలో ఎత్తులను సగటు సముద్రమట్టం నుండి లెక్కిస్తారు. ఇందుకు ఆధారంగా తీసుకున్న 9 పాత అలల పరిశీలన కేంద్రాలలో విశాఖపట్నం ఒకటి. ఉపగ్రహ పరికరం ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుండి కాక, భూమి ఆకారానికి గణితపరంగా కల్పించిన ఒక ఉపరితలం నుండి లెక్కించబడుతుంది. దక్షిణ భారతదేశంలో చాలాచోట్ల ఈ రెండింటి మధ్య తేడా 70 మీటర్లకు మించి ఉంటుంది. ఈ సవరణ చేయకుండా కాలువ మట్టాలు వేస్తే ఏమగునో ఊహించవచ్చు. అందుకే రోవర్లు వచ్చిన తరువాత కూడా లెవెలింగ్ యంత్రం, కొలబద్ద పట్టుకుని బెంచిమార్కు నుండి బెంచిమార్కుకు నడిచేవారి అవసరం తీరలేదు.

నీటిపారుదల శాఖలలో ఈ పనికి ప్రాధాన్యం ఎక్కువ. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. నిర్వాసితుల పునరావాసాన్ని మొదటి దశలో 41.15 మీటర్ల కాంటూరు వరకు, ఆపై మిగిలినదానికి అని విడదీశారు. కాంటూరు అనగా ఒకే ఎత్తులో ఉన్న స్థలాలను కలిపే గీత. ఒక ఇల్లు ఆ గీతకు ఈవల ఉన్నదా, ఆవల ఉన్నదా అన్నదానిపై ఆ కుటుంబానికి పరిహారం ముందు వస్తుందా, తరువాత వస్తుందా అన్నది ఆధారపడి ఉంటుంది. వరద సమయంలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో గ్రామస్థులకు తెలుసు. పటంలోని గీత దానికి భిన్నంగా ఉంటే వారు మొదట నిలదీసేది సర్వేయరునే.

కేంద్ర సంస్థలు

సర్వే ఆఫ్ ఇండియాలో గ్రూపు-ఎ ఉద్యోగాలకు సివిల్ ఇంజనీర్లను యూపీఎస్సీ నిర్వహించే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా ఎంపిక చేస్తారు. సైన్యంలోని ఇంజనీరు అధికారులు కూడా ఈ సంస్థలో పనిచేస్తారు. సంస్థకు చెందిన శిక్షణ కేంద్రం హైదరాబాదులోని ఉప్పల్‌లో ఉన్నది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సర్వేయింగ్ అండ్ మ్యాపింగ్‌గా చిరకాలం పేరొందిన ఈ కేంద్రాన్ని ఇప్పుడు జాతీయ జియో-ఇన్ఫర్మాటిక్స్ శాస్త్ర సాంకేతిక సంస్థగా వ్యవహరిస్తున్నారు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలులో టోపోషీట్లు తయారుచేస్తుంది. ఉదాహరణకు హైదరాబాదు నగరంలో ఒక భాగం 56కె/7 అనే షీటులో వస్తుంది. టోపోషీటు చదవగలగడం ఈ రంగంలోని ఏ ఉద్యోగానికైనా తొలి అర్హతగా భావించవచ్చు.

హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలపై పనిచేస్తుంది. ఇది 2008 నుండి ఇస్రోలో భాగం. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో భూగర్భ శాస్త్రవేత్తల ఎంపిక యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా జరుగుతుంది. సముద్రగర్భపు లోతులను కొలిచే జలమార్గ సర్వే భారత నౌకాదళం చేతిలో ఉన్నది.

గనులు

గని సర్వేయరు ఉద్యోగం మిగతావాటికన్న భిన్నమైనది. దీనికి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ జారీచేసే సర్వేయరు యోగ్యతా పత్రం ఉండాలి. భూగర్భ గనిలో ఉపగ్రహ సంకేతాలు అందవు. పైన కొలిచిన దిశను, స్థానాన్ని షాఫ్టు ద్వారా గాని, వాలు మార్గం ద్వారా గాని లోపలికి దించాలి. పక్కన మూసివేసిన పాత గని ఎంతవరకు తవ్వారో, దానిలో నీరు ఎంత నిలిచి ఉన్నదో పటమే చెప్పాలి. 1975 డిసెంబరులో నేటి జార్ఖండ్‌లోని చాస్‌నాలా గనిలోకి నీరు దూసుకువచ్చి 370 మందికి పైగా మరణించారు. 2003 జూన్‌లో గోదావరిఖనిలోని ఒక గనిలో నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. సింగరేణి ప్రాంత యువకులకు ఈ ఉద్యోగం దగ్గరలో ఉన్న మంచి అవకాశమే కాని, దాని బరువు తెలిసి చేరాలి.

ప్రైవేటు రంగం

2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన మార్గదర్శకాలతో భారతీయ సంస్థలు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతి పొందే అవసరం చాలావరకు తొలగింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. దానితో చిన్న సంస్థలకు కూడా ఈ రంగంలో ప్రవేశించే వీలు కలిగింది. హైదరాబాదుకు అంతకు ముందే ఇందులో అనుభవం ఉన్నది. నేడు సయెంట్‌గా పిలువబడే ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ 1991లో ఇక్కడ స్థాపించబడి, పటాలను కంప్యూటరులోకి ఎక్కించే పనితోనే ఎదిగింది. అయితే ఛాయాచిత్రం చూసి రోడ్లను, ఇళ్ళను గీసే పనిని ఇప్పుడు చాలావరకు సాఫ్టువేరు చేస్తున్నది. కేవలం ఆ నైపుణ్యం ఒక్కటే నమ్ముకుని ఈ రంగంలోకి రావడం మంచిది కాదు.

డ్రోన్ నడపడానికి 2021 డ్రోన్ నియమాల ప్రకారం 18 సంవత్సరాలు నిండి, పదవ తరగతి పూర్తిచేసినవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ పొందాలి. ఈ శిక్షణ నేర్పేది డ్రోన్ నడపడం మాత్రమే, సర్వే చేయడం కాదు. నేల మీద కంట్రోలు పాయింట్లు సరిగా పెట్టకపోతే డ్రోన్ తీసిన చిత్రం అందమైన ఫోటోగా మిగులుతుంది తప్ప పటం కాజాలదు.

గల్ఫ్ దేశాలలోని కట్టడ పనులలో తెలుగు సర్వేయర్లు పనిచేస్తున్నారు. అక్కడ ఎక్కువగా కావలసినది టోటల్ స్టేషనుపై పునాదులు, స్తంభాలు గుర్తించే అనుభవం. అమెరికాలో హద్దుల సర్వే చేయడానికి ఆయా రాష్ట్రాల లైసెన్సు తప్పనిసరి. భారతదేశపు డిగ్రీ ఒక్కటే దానికి సరిపోదు.

చదువు, శిక్షణ

పదవ తరగతి తరువాత ఐటీఐలో సర్వేయరు లేదా డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడులో చేరడం అతి తక్కువ ఖర్చుతో కూడిన మార్గం. సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా, డిగ్రీ చదివినవారికి అవకాశాలు విస్తృతంగా ఉంటాయి. జియోఇన్ఫర్మాటిక్స్‌లో ఇంజనీరింగ్ డిగ్రీని గిండీ కళాశాల అందిస్తున్నది. భూగోళశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివినవారు రిమోట్ సెన్సింగ్‌లో ఉన్నత విద్యకు డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్‌కు వెళ్ళవచ్చు. ఆంధ్రప్రదేశ్ సర్వే శాఖ సిబ్బందికి సామర్లకోటలో శిక్షణ అకాడమీ ఉన్నది.

గణితంలో త్రికోణమితి మీద పట్టు ఉండాలి. ఒక నిమిషం కోణపు పొరపాటు కిలోమీటరు దూరంలో సుమారు 29 సెంటీమీటర్ల తేడా తెస్తుంది. అందుకే ఏ కొలతనైనా మొదలుపెట్టిన బిందువుకు తిరిగి వచ్చి ముగించాలని విద్యార్థులకు మొదటి రోజుననే నేర్పుతారు. ముగింపులో తేడా వస్తే దానిని ఫీల్డు పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు రాయాలి. పాత పద్ధతిలో ఫీల్డు పుస్తకంలోని అంకెను చెరపడం నిషిద్ధం. తప్పు అంకెను ఒక గీతతో కొట్టివేసి, దాని పైన సరైనది రాసి సంతకం చేస్తారు.