కురిక్యాల గుట్ట మీది జైనం

నన్నయ కంటే ముందే తెలుగులో కందం ఉందని చెప్పడానికి మన సాహిత్య చరిత్రకారులు కురిక్యాల శాసనాన్ని పేర్కొంటారు. మూడు కంద పద్యాలు లెక్కించుకొని ముందుకు సాగిపోతారు. ఆ పద్యాలు చెక్కించినవాడు జైనుడన్న సంగతి వారికి ఒక విశేషణం మాత్రమే. అసలు చర్చ అక్కడ మొదలు కావాలని నా అభిప్రాయం.

కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గరి బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఈ శాసనం వేయించాడు. ఇతడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. వీరి పూర్వులు వేంగినాటి బ్రాహ్మణులు. తండ్రి భీమపయ్య జైనం స్వీకరించాడు. అన్న వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో కావ్యం రాస్తే, తమ్ముడు గుట్టపై జినబింబాలనూ చక్రేశ్వరినీ చెక్కించాడు, బసది కట్టించాడు, చెరువు తవ్వించాడు. ఆ చెరువుకు అన్న బిరుదైన 'కవితాగుణార్ణవ' పేరే పెట్టాడు. కవి పేరు చెరువుకు పెట్టిన కాలం అది!

చక్రేశ్వరి తొలి తీర్థంకరుడైన ఋషభుని యక్షిణి. ఇది గమనించదగ్గది. జైనం సృష్టికర్తను ఒప్పుకోదు. జీవుడు అనాది. కర్మ వట్టి పాపపుణ్యాల లెక్క కాదు, జీవునికి అంటుకునే సూక్ష్మ పదార్థం. కొత్త కర్మ రాకుండా అడ్డుకోవడం సంవరం, అంటినదాన్ని రాల్చుకోవడం నిర్జర. అందుకు అహింస మూలం. మరి నాగలి కదిలితే పురుగులు చావవా? కత్తి పట్టిన రాజు జైనుణ్ణి ఎలా ఆదరించాడు? జినసేనుని ఆదిపురాణం ప్రకారం మనుషులకు ఆరు వృత్తులు నేర్పింది ఋషభుడే. వాటిలో అసి, అంటే కత్తి, ఉంది, కృషీ ఉంది. మునికి మహావ్రతాలు, గృహస్థుకు అణువ్రతాలు అన్న విభజన వల్లనే ఈ మతం రాజ్యంతో, వ్యవసాయంతో సర్దుకోగలిగింది. పంపడు కూడా అంతే: 941లో ఆదిపురాణం రాశాడు, విక్రమార్జున విజయంలో తన రాజును యుద్ధవీరుడైన అర్జునుడిగా నిలబెట్టాడు.

సోమదేవసూరి మరింత కఠినుడు. ఆయన యశస్తిలక చంపువు 959లో గంగాధరలో పూర్తయింది. అది ఈ గంగాధరే అని మన చరిత్రకారులు గుర్తించారు. అందులో యశోధరుడు పిండితో చేసిన కోడిని బలి ఇస్తాడు. ప్రాణం పోలేదు, నెత్తురు కారలేదు. అయినా చంపాలన్న సంకల్పానికి జన్మజన్మల ఫలం అనుభవిస్తాడు. హింసను చేతిలోనే కాక తలపులోనూ చూసిన ఇంత సూటి ఊహ ఆనాటి సాహిత్యంలో అరుదు. కాని ఇదే సోమదేవునికి 966లో మూడవ అరికేసరి ఒక గ్రామాన్ని దానమిచ్చాడు. లేంబులపాటకంలోని, అంటే వేములవాడలోని, శుభధామ జినాలయం ఖర్చులకు అది. ఆ పర్భణి శాసనం దాతను పొగుడుతుంది, గురువును పొగుడుతుంది. ఆ ఊరి పొలాలు దున్నినవాడి పేరు చెప్పదు. కోడి సంగతి తెలిసిన మహాపండితునికి ఈ పన్నులోని హింస ఎందుకు కనిపించలేదో!

జినవల్లభుడు, సోమదేవుడు దిగంబర సంప్రదాయం వారు. అదే కాలంలో వేంగిలో రెండవ అమ్మరాజు మలియపూండిలో దానమిచ్చింది యాపనీయులకు. వీరు నగ్నంగా ఉండేవారు, కాని స్త్రీకి మోక్షం ఉందని శ్వేతాంబరులతో ఏకీభవించారు, దిగంబరులు ఒప్పుకోలేదు. బట్ట కంటే ఈ భేదమే నాకు పెద్దది. తరువాత యాపనీయులు శాఖగా మిగలలేదు.

బసదిలో మొక్కినవారు పోయారు. ఊరివాళ్లు మాత్రం చక్రేశ్వరిని బొమ్మలమ్మ అన్నారు, గుట్టకు ఆ పేరే ఇచ్చారు. చుట్టుపక్కల గ్రానైట్ కోసం గుట్టల్ని కోస్తున్న జిల్లా ఇది. ఈ గుట్ట రాతి మీద ఉన్నది మూడు కందాలు మాత్రమే అనుకుంటే, వాటికి నకలు తీసుకుంటే చాలుననిపిస్తుంది.