పెరటి చెట్టు వైద్యానికి పనికొచ్చింది

మా అమ్మమ్మగారి ఇల్లు పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పల్లెటూళ్ళో ఉండేది. పెరట్లో నూతి పక్కన, ఎవరూ నాటకుండానే మొలిచి ఏడాది పొడుగునా పూసే మొక్క బిళ్ళగన్నేరు. అయిదు రేకుల గులాబిరంగు పూలు, అక్కడక్కడ తెల్లవి. అమ్మమ్మకి షుగరు. రోజూ పరగడుపున నాలుగు ఆకులు కోసుకుని నమిలేది.

నేను మెడిసిన్‌లో చేరిన కొత్తల్లో సెలవులకి వెళ్ళి, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని నువ్వే అంటావుగా అమ్మమ్మా, మరి ఈ ఆకులేమిటి?" అని వెక్కిరించాను. "పెద్ద డాక్టరువయ్యాక చెబుదువుగాని లేరా" అని నవ్వేసింది.

ఆ మాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్నప్పుడు. నాలుగేళ్ళ పాపకి రక్త క్యాన్సర్. ఇవ్వవలసిన మందు విన్‌క్రిస్టీన్. దాని పుట్టుక గురించి ఆ రాత్రి పుస్తకం తెరిస్తే, పేజీలో మా నూతి దగ్గరి పువ్వు బొమ్మ కనబడింది!

నిజానికి బిళ్ళగన్నేరు మన దేశపు మొక్క కాదు. మనలాగే వలస వచ్చినదే. పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ ద్వీపం. 18వ శతాబ్దంలో దాని విత్తనాలు పారిస్ తోటలకీ, అక్కడినుంచి లండన్‌లోని చెల్సీ తోటకీ చేరాయి. 1759లో లిన్నేయస్ దానికి వింకా రోసియా అని పేరు పెట్టాడు. ఇప్పటి శాస్త్రీయ నామం కాథరాంథస్ రోసియస్. అందం కోసం పెంచిన ఆ మొక్క ఉష్ణదేశాలన్నిటికీ పాకింది. హిందీవాళ్ళు సదాబహార్ అన్నారు, తమిళులు నిత్యకల్యాణి అన్నారు. చిత్రమేమిటంటే, ఎక్కడెక్కడికి వెళ్ళిందో అక్కడల్లా పల్లె జనం దాని ఆకుని షుగరుకి వాడారు.

1952లో జమైకా నుంచి కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కి ఒక కవరు వచ్చింది. అందులో పాతిక బిళ్ళగన్నేరు ఆకులు. వాటి కషాయం అక్కడివాళ్ళు మధుమేహానికి తాగుతారని కబురు. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపాడు. ఆ రసం ఎలుకలకి తాగిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు జబ్బు చేసి చనిపోయాయి. ఎందుకని చూస్తే, వాటి రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి.

ఇంకొకరైతే ప్రయోగం విఫలమైందని వదిలేసేవారేమో. నోబుల్ మరోలా ఆలోచించాడు: తెల్లకణాలు అదుపు తప్పి పెరగడమే కదా ల్యుకీమియా? రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ బీర్‌తో కలిసి విన్‌బ్లాస్టీన్‌ని వేరుచేశాడు. 1958లో ఆ ఫలితాలు ప్రకటించారు. అదే కాలంలో ఇండియానాపొలిస్‌లోని ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా బృందం కూడా ఇదే మొక్క మీద పనిచేసి విన్‌క్రిస్టీన్ సాధించింది. 1963లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. కణం రెండుగా చీలడానికి లోపల సన్నని దారాల వంటివి ఏర్పడాలి. ఈ మందు వాటిని ఏర్పడనివ్వదు. ఒక్క గ్రాము మందుకి వందల కిలోల ఎండుటాకు కావాలి.

ఇక మనవాళ్ళందరూ తెలుసుకోవలసిన సంగతి. 1960ల తొలి ఏళ్ళలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే వైద్యులు నాలుగు మందులు కలిపి ల్యుకీమియా పిల్లలకి ఇచ్చారు. ఒకటి విన్‌క్రిస్టీన్. మరొకటి మెథోట్రెక్సేట్. అది 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనశాల నుంచి వచ్చిన మందు. ఆయన 1948లోనే పోయారు, ఈ కలయికని చూడలేదు. ఒకప్పుడు కొద్ది నెలల్లో ప్రాణం తీసే ఆ జబ్బునుంచి నేడు ఈ దేశంలో పదిమంది పిల్లల్లో సుమారు తొమ్మిదిమంది బయటపడుతున్నారు. ఆ రెండు మందులూ ఇప్పటికీ ఆ చికిత్సలో ఉన్నాయి.

డాక్టరుగా ఒక హెచ్చరిక. ఈ ఆకులు ఎవరూ తినకండి. ఇందులో విషముంది. మందుగా కొలిచి ఇచ్చినప్పుడే కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. షుగరుకి అమ్మమ్మ నమ్మకం సరైనది కాదు. అలాగని నా వెక్కిరింతా సరైనది కాదు. ఎవరో పల్లెటూరి మనిషి ఆ కషాయాన్ని నమ్మకపోతే ఆ కవరు కెనడా వచ్చేదే కాదు.

మా నాలుగేళ్ళ పాపకి నయమైంది. అమ్మమ్మకి ఈ కథ చెబుదామనుకుంటూనే ఉన్నాను, నేను వెళ్ళేలోపే ఆవిడ పోయింది. ఇక్కడి నర్సరీలలో ఈ మొక్కని వింకా అని అమ్ముతారు. ఏటా మే నెలలో రెండు కుండీలు తెచ్చి వాకిట్లో పెడతాను. చలి రాగానే పోతుంది, మళ్ళీ తెస్తాను. మా అమ్మాయికి మాత్రం దాని పేరు బిళ్ళగన్నేరనే నేర్పాను.